పాలడబ్బా కెమెరా, పలకరించే జేజి

నా కెమెరాను చూసినవాళ్లు ఎవరూ దాన్ని కెమెరా అనరు. అది పాలపొడి డబ్బా. లోపల నల్లరంగు పూసి, పక్కన సన్నటి సూదితో బెజ్జం పొడిచి, దానికి ఎదురుగా ఫోటో కాగితం అంటించి మూత పెడతాను. బెజ్జం మీద నల్ల టేపు ఉంటుంది. టేపు తీస్తే ఫోటో మొదలైనట్టు, మళ్లీ అంటిస్తే అయిపోయినట్టు. నీడలో అయితే నాలుగు నిమిషాలు పడుతుంది. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రోజుల్లో పిల్లల కోసం చేశాను. వాళ్లు వారం రోజులు ఆడి వదిలేశారు, పిచ్చి మాత్రం నాకు పట్టుకుంది.

కర్నూలులో కేసీ కెనాల్ గట్టు మీద గోడ కట్టి, పక్కన రోడ్డు వేస్తారని తెలిశాక, ఆ గట్టు మీది సందును ఈ డబ్బాతో తీద్దామని బయలుదేరాను. ఆదివారం ఆదివారం పొద్దున్నే పోయేదాన్ని. మొదటి ఫోటోలు చూసి సందు జనానికి నా మీద కోపం వచ్చింది. ఈ డబ్బాకు కదిలేవి కనబడవు. ఆటోలు, మేకలు, బిందెలు మోసే ఆడవాళ్లు, అందరూ మాయం. ఇళ్లు, మెట్లు, కాలవ గట్టు మాత్రం చక్కగా వచ్చాయి.

"పొద్దున్నించీ ఈడ్నే తిరుగుతాంటి కదా మేడం, నేను యాడ పోతిని?" అని అడిగాడు టీ బంకాయన.

"నువ్వు ఒక్క నిమిషం నిలబడితే కదా కనబడేది" అన్నాను. నాది దురుసు నోరు. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి చెప్పి అట్లా అయింది.

"నిలబడితే టీ ఎవురు పోస్తారు?"

ఫిజిక్సు పక్కన పెట్టి, నాకూ ఒక టీ పోయమన్నాను.

సందు మొదట్లో బొంతలు కుట్టే ముసలామె ఉండేది. దూదేకుల ఇంటి కోడలుగా ఆ సందుకు వచ్చి, అక్కడే ముసలిదైంది. సాయిబుల పిల్లలూ, మాలాంటివాళ్లూ అందరూ ఆమెను సొంత నాయనమ్మను పిలిచినట్టు జేజి అనే పిలిచేవాళ్లు. ఇంటి ముందర నాపరాళ్ల అరుగు ఉండేది, కట్ట అంటారు ఇక్కడ; దాని మీద కూర్చుని, పొద్దస్తమానం పాత చీరలు పరిచి బొంత కుడుతూ ఉండేది. గోడ కోసం పోయే ఇళ్లలో ఆమెది మొదటిది. ఊరి బయట కట్టిన ఇళ్లలో ఆమెకు రెండో అంతస్తులో ఒకటి ఇచ్చారు, చుట్టూ అంతా తెలియనివాళ్లే.

"ఈ కట్ట మీద నన్ను కూసోబెట్టి ఒగ ఫోటో తియ్యమ్మా. కొత్తింట్లో తగిలిచ్చుకుంటా" అంది ఒక రోజు.

"మనవడి ఫోన్లో తీయించుకోరాదా జేజీ? క్షణంలో వస్తుంది."

"ఫోను చూసీ చూడకుండా పోతాది. నీ డబ్బా అట్ల కాదు, నాలుగు నిమిషాలు కూసోని చూస్తాది. చూసేదేదో బాగా చూడనీ."

నా డబ్బాను అంత గొప్పగా మెచ్చుకున్నవాళ్లు లేరు. నేను పడిపోయాను.

పడిపోయాక తెలిసింది కష్టం. ఆ సందులో జేజిని పలకరించకుండా ఎవరూ దాటరు. "ఏం జేజీ, తిన్యావా?" అంటే, "తింటి నాయనా, నువ్వు తిన్యావా? మీ యమ్మకు కాళ్లనొప్పి తగ్గిందా?" అని తల తిప్పి అడగాల్సిందే. మొదటి ఫోటోలో కట్ట వచ్చింది, తలుపు గొళ్లెం వచ్చింది, బొంత మీద కుట్లు సైతం వచ్చాయి. జేజి మొహం ఉండాల్సిన చోట తెల్లటి పొగ ఉంది.

"నా తలకాయ యాడబోయిందమ్మా?"

"ఊరందరికీ పంచిపెట్టావు. నాలుగు నిమిషాలు నోరు మూసుకుని ఉండలేవా?"

"పలకరిస్తే పలక్కుండా ఎట్లుండేది? ఏమనుకుంటారు?"

రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. నేను గట్టిగా కసిరాను, ఆమె గట్టిగా నవ్వింది. ఇంతలో సోమవారం ఇల్లు ఖాళీ చేయమని కబురొచ్చింది. మిగిలింది ఒక్క ఆదివారం. ఈసారీ పోతే ఇక ఆ కట్టా ఉండదు, ఫోటో ఉండదు. నాకు శనివారమంతా అన్నం సయించలేదు.

టీ బంకాయనే దారి చూపించాడు. ఇంటింటికీ పోయి చెప్పి వచ్చాడు: "మేడం చెయ్యెత్తినాక జేజిని ఎవురూ పలకరిచ్చాకండి. దించేదాకా మీ దోవన మీరు పోండి."

చెయ్యెత్తాను. సందు మాట విన్నది. పాలు పోసే ఆమె నేల చూసుకుంటూ పోయింది. మసీదు నుంచి వచ్చే పెద్దాయన గడ్డం నిమురుకుంటూ పోయాడు. స్కూటర్లు కూడా హారన్ కొట్టలేదు. జేజి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, రాయిలా కూర్చుంది. నాకైతే లోలోపల ఒకటే సంబరం. గడియారం చూసి టేపు అంటించి, "అయింది జేజీ, గెలిచాం" అన్నాను.

జేజి కదల్లేదు. కళ్ల నిండా నీళ్లు.

"అంతమంది పోయినారు, ఒగరన్నా పలకరిచ్చల్యా" అంది. "ఆడ పై అంతస్తులో ఇంతే కదమ్మా నా బతుకు."

నా ఫోటో పిచ్చితో ఆమెకు రేపటి భయాన్ని ఇవాళే చూపించానని సిగ్గేసింది. టీ బంకాయన గ్లాసులు వదిలేసి వచ్చి కట్ట మీద కూర్చున్నాడు. పాలామె వెనక్కి తిరిగి వచ్చింది. పెద్దాయన వచ్చాడు. "తిన్యావా జేజీ" అని ఒకరు, "ఏడ్వాకు జేజీ, మేము ఆడికి వస్తాంటాం లే" అని ఇంకొకరు. జేజి కళ్లు తుడుచుకుంటూనే పెద్దాయన కోడలి కాన్పు ఎప్పుడని అడగడం మొదలుపెట్టింది. నా సంచిలో ఇంకో డబ్బా ఉంది. ఎవరినీ కదలవద్దని చెప్పకుండా టేపు తీశాను.

రెండు ఫోటోలూ చట్రం కట్టించి, పది రోజుల తర్వాత కొత్తింటికి తీసుకుపోయాను. ఒకదానిలో జేజి మొహం మీద ముడతలన్నీ లెక్కపెట్టుకోవచ్చు. రెండోదానిలో కట్ట నిండా పొగ, పొగలో అక్కడక్కడ ఒక చెయ్యి, ఒక మోకాలు. మొదటిది ఇస్తూ కొంచెం గర్వపడ్డాను కూడా.

జేజి దాన్ని చూసి, "శానా బాగుండాది, నీ కాడ పెట్టుకో" అని తిరిగి ఇచ్చేసింది. పొగ ఫోటోను మేకుకు తగిలించింది. నాకు కాస్త ఉక్రోషం వచ్చినమాట నిజం.

ఆమె కుర్చీ ఇంట్లో లేదు. బయట వరండాలో, మెట్ల దగ్గర వేసుకుంది. ఒడిలో సగం కుట్టిన బొంత. నేను చెప్పులు వేసుకుంటుంటే, కూరగాయల సంచితో ఒకామె పైకి వస్తోంది. తల వంచుకుని దాటిపోబోయింది.

"ఏమ్మా, తిన్యావా?" అంది జేజి.

ఆమె ఉలిక్కిపడి ఆగింది. అటూ ఇటూ చూసింది, తననేనా అన్నట్టు. తర్వాత సంచి కింద పెట్టి, "ఇంకా లేదవ్వా, ఇప్పుడే వంట చెయ్యాల. మీరు తిన్యారా?" అంది.