మునకల జోగారావు గారి డెబ్బై తీరాలు

జోగారావు గారికి నీళ్లు కనబడకూడదు. కనబడితే మునుగుతారు.

స్నానం కాదు, ఈత అసలే కాదు. పంచె బిగించి, ముక్కు పట్టుకుని, పెదాల్లో ఏదో గొణుక్కుని, బుడుంగున ఒక మునక. లేచి, మళ్లీ గొణుక్కుని, మళ్లీ ఒకటి. అలా తొమ్మిదో, పదకొండో, ఇరవై ఒకటో అయ్యాకే గట్టెక్కుతారు. హైదరాబాద్ చిక్కడపల్లిలో ఇంటి నంబరు చెప్పి ఆయన్ని వెతికితే పూటంతా తిరగాలి. మునకల జోగారావు గారంటే మాత్రం చాయ్ బండి దగ్గరి కుర్రాళ్లు గేటు దాకా తీసుకొచ్చి దింపుతారు.

ఒకసారి నారాయణగూడలో ఈత కొలనుకి టికెట్టు కొని పంచెతో దిగారు. గంటసేపు ఒకే మూల నిలబడి ఇరవై ఒక్క మునకలు వేశారు. ఈత నేర్పే ఆయన విసుగెత్తి, "సార్, జర చేతులు ఆడించున్రి, ఈత వస్తది" అన్నాడు.

"వద్దు నాయనా. ఈత వచ్చినవాడు మునగలేడు" అన్నారు జోగారావు గారు.

ఇంకోసారి వానకి నాలా పొంగి అశోక్‌నగర్‌లో మా హాస్టల్ సందులోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. కూరగాయలకొచ్చిన ఆయన ఒక మెట్టు మీద నిలబడి ఆ నీళ్లని ఆశగా చూస్తున్నారు. వెనక ఆదిలక్ష్మి గారు, అంటే ఆయన భార్య, పంచె చెంగు గట్టిగా పట్టుకుని ఉన్నారు.

"అవి మోరీ నీళ్లండీ!"

"ఏ నీళ్లయినా మూసీలోనే కలవాలి కదే. మూసీ వెళ్లి కృష్ణలో..."

"కృష్ణలో కలిశాక వెళ్లి మునగండి. ముందు ఇంటికి నడవండి."

పెద్దమనిషి పుణ్యం పిచ్చిలో పడ్డాడని, డబ్బాల్లో నింపి దాచుకుంటున్నాడని మా హాస్టల్లో అందరం నవ్వుకునేవాళ్లం. ఆ నవ్విన వాళ్లలో నా గొంతే పెద్దది.

నా సంగతి కూడా చెప్పాలి. పేరు భానుప్రకాశ్, ఊరు జనగామ పక్కన పల్లె. గ్రూప్స్ చదవడానికి అశోక్‌నగర్ వచ్చి నాలుగేళ్లు చదివాను, రెండుసార్లు తప్పాను, ఆ తర్వాత పుస్తకాలు కట్టగట్టి అటక మీద పెట్టేశాను. మేమంతా చదువుకునే చిక్కడపల్లి గ్రంథాలయం ముందు సందులోకి వెళ్లడం కూడా మానేశాను. అక్కడ చాయ్ తాగే ప్రతివాడూ "అన్నా, ఏమైంది?" అని అడుగుతాడు. ఏమీ కాలేదని చెప్పడానికి సిగ్గేసేది.

చివరికి నారాయణగూడలో కాశీవిశ్వనాథం గారి ట్రావెల్స్‌లో జిరాక్సులు తీసే పనికి చేరాను. కాశీ, రామేశ్వరం తప్ప ఎరగని ఆ ఆఫీసు నిరుడు మొదటిసారి విదేశీ యాత్ర వేసింది. గ్రీసు దేశంలో మిలోస్ అనే దీవి, అందులో డెబ్బై సముద్ర తీరాలు. చదివే అలవాటు ఎక్కడికి పోతుంది? దీవి వైశాల్యం, జనాభా, తీరాల పేర్లు మూడు రోజుల్లో బట్టీపట్టి అప్పజెప్పాను. కాశీవిశ్వనాథం గారు కళ్లజోడు తీసి నన్ను కొత్తగా చూశారు.

"భానూ, పద్నాలుగు మందిని తీసుకెళ్లి పద్నాలుగు మందినీ తీసుకొచ్చావా, ఇకపైన ఫారిన్ ట్రిప్పులన్నీ నీవే. ఒక్క ఓడ తప్పిందో, మళ్లీ వచ్చి జిరాక్సులు తీసుకో" అన్నారు.

ఆయనకి నేను చెప్పని ముక్క ఒకటుంది. నేను అప్పటిదాకా సముద్రం చూడలేదు. హుస్సేన్ సాగర్ పేరులో సాగరం ఉంది కదా అని దాంతోనే సరిపెట్టుకున్నవాణ్ణి.

మొదటి టికెట్టు జోగారావు గారిదే.

"డెబ్బై తీరాలా? నదికి ఒక్క మంచి రేవు దొరకడమే గగనం. అన్నిట్లో దిగనిస్తారా నాయనా?"

"దిగనిస్తరు సార్."

"అయితే ఇద్దరికి రాసెయ్."

వీసా ఫారం నింపిన ప్రతిసారీ ఆయన తడి చెయ్యి తగిలి సిరా అలికిపోయేది. ఏడుసార్లు రాశాను. ఆయన పాస్‌పోర్టు నంబరు నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగే స్థితికి వచ్చాను.

మిలోస్ చేరిన మర్నాడు మొదటి తీరం సారాకినికో. బస్సు దిగి నాలుగడుగులు వేశానో లేదో, బట్టీపట్టినదంతా ఎగిరిపోయింది. చెట్టు లేదు, మట్టి లేదు, కనుచూపు మేర తెల్లటి రాయి. ఇడ్లీ పిండి పొంగి గిన్నె దాటి అలాగే గట్టిపడినట్టుంది. ఆ తెలుపు మధ్యలోకి సన్నటి పాయగా చొచ్చుకొచ్చిన సముద్రం. ఆ నీలాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు. అంత పెద్ద నీళ్లని ఒక్కచోట చూడటం నా జన్మలో అదే మొదలు. నోరు తెరుచుకుని నిలబడిపోయాను.

"ఏమయ్యా గైడూ, ఈ రాయికి ఈ తెలుపు ఎలా వచ్చింది?" అని అడిగారు వేదవతి గారు. బర్కత్‌పురలో టీచరుగా రిటైరయ్యారు. మా బృందంలో ప్రశ్నలూ ఫిర్యాదులూ ఆవిడ శాఖ.

"తెల్వది మేడం" అన్నాను. నిజంగానే ఆ క్షణాన ఏమీ తెలియలేదు.

ఈలోగా జోగారావు గారు పంచె బిగించారు. "నాయనా, శ్రీశైలానికి ఇది ఏ దిక్కవుతుంది?"

మునిగే ముందు సంకల్పం చెప్పుకోవాలి కదా, అందులో మనం శ్రీశైలానికి ఏ దిక్కున ఉన్నామో చెప్పాలి. ఫోన్లో చూసి, వాయవ్యం అన్నాను. "ఇంత దూరమొచ్చినంక గూడ శ్రీశైలం లెక్క నడుస్తదా సార్?"

"శ్రీశైలం కదల్లేదు కదా. కదిలింది మనమే."

వేదవతి గారు ఊరుకోలేదు. "పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని తాకకూడదండీ!"

"అది మన సముద్రానికమ్మా. దీని పంచాంగం గ్రీకులో ఉంటుంది. నాకు చదవడం రాదు."

ఆ తీరం మొత్తంలో నిండుగా బట్ట కట్టుకున్నది ఆయనొక్కరే. మూడో మునకకి పక్కనున్న గ్రీకు ముసలమ్మ కూడా ముక్కు పట్టుకుని మునిగింది. తొమ్మిదో మునకకి ఆ వరసలో ఆరుగురు చేరారు. బస్సు అరగంట ఆలస్యంగా కదిలింది.

నాలుగు రోజులూ ఇదే తంతు. ప్రతి తీరం అంతకు ముందుదాన్ని మరిపించేది, ప్రతి తీరంలోనూ ఆయన మమ్మల్ని అరగంట ఆపేవారు. పైగా వింత ప్రశ్నలు ఒకటి. పాలియోహోరిలో కొండలు పసుపూ కుంకుమా కలిపి మెత్తినట్టుంటాయి. అక్కడ ఇసుక కింద భూమే కాగుతూ ఉంటుంది, హోటలువాళ్లు కుండని ఇసుకలో పాతిపెట్టి వంట చేస్తారు. నేను ఆ కుండ చుట్టూ ప్రదక్షిణాలు చేస్తుంటే ఆయన వచ్చారు.

"ఈ వేడికి మోకాళ్ల నొప్పులు తగ్గుతాయంటావా?"

"మీ మోకాళ్లు గట్టిగనే ఉన్నయి కద సార్?"

ఆయన నోటుబుక్కులో ఏదో రాసుకున్నారు. ఫిరిప్లాకాలో, "ఇక్కడ పడుకుంటే నిద్ర పడుతుందా?" అన్నారు. ఆయన బస్సులో పెట్టే గురకకి డ్రైవరు కూడా ఆవలించేవాడు. ఇంకోచోట, "ఇక్కడ గట్టిగా అరిస్తే ఎవరికైనా వినబడుతుందా?" అని అడిగితే నాకు భయమేసింది. వేదవతి గారు మాత్రం పన్నెండు ఆలస్యాల పట్టిక తయారుచేసి, హైదరాబాద్ చేరగానే కాశీవిశ్వనాథం గారికి ఇస్తానని బస్సులో చదివి వినిపించారు.

చివరి రోజు. ఓడ పన్నెండింటికి. పదింటికి హోటల్ ముందు తలలు లెక్కపెడితే పన్నెండే వచ్చాయి. మిగతా ఇద్దరూ ఎవరో చెప్పక్కర్లేదు. పొద్దున్నే టాక్సీ మాట్లాడుకుని త్సిగ్రాడో వెళ్లారని హోటలావిడ చెప్పింది. ప్రమాదమని మేం కార్యక్రమంలోంచి తీసేసిన తీరం అది. రెండు కొండరాళ్ల మధ్య సందులో తాడు పట్టుకుని దిగాలి, ఆ కింద నిటారుగా చెక్క నిచ్చెన. ఆయనకి అరవై ఎనిమిదేళ్లు. మిగతావాళ్లని రేవుకి పంపి, ఇంకో టాక్సీలో పరుగెత్తాను. జిరాక్సు మిషను దారంతా నా కళ్ల ముందే కనబడింది.

కొండ అంచున ఆదిలక్ష్మి గారు తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, ఫ్లాస్కులోంచి కాఫీ వంచుకుని తాగుతున్నారు.

"అమ్మా, సార్ ఏడున్నరు?"

"కిందున్నారు బాబూ. ఈ సిగరెట్టు బీచేదో అయితేనే ఆఖరివాడికి సరిపోతుందట."

"ఆఖరివాడు ఏందమ్మా?"

ఆవిడ నన్ను వింతగా చూశారు. "అయ్యో, ఇన్నాళ్లూ నీకు తెలియదా? నా పేరు మీద ఒక మునక వెయ్యండి అని ఎవరైనా అడిగితే చాలు, ఈయన రాసుకుంటారు. తన కోసం ఎప్పుడు మునిగారు గనక!"

నోటుబుక్కు నా చేతిలో పెట్టారు. మెస్ రామక్క, మోకాళ్లు, వేడి ఇసుక అని రాసి కొట్టేసి, 'పొయ్యి ముందు వేడి చాలదూ, చల్లటి తీరం చూడాలి' అని దిద్దారు. వాచ్‌మన్ ఎల్లేశం, రాత్రి డ్యూటీ, నిద్ర లేదు, ఫిరిప్లాకా. సంధ్య, హాస్టల్ గదిలో ఏడుగురు, ఏడవడానికి కూడా చోటు లేదు, ఎవరూ లేని తీరం. ఇలా నలభై మూడు పేర్లు. ఒక్కో తీరానికి ముగ్గురు నలుగురు చొప్పున, ప్రతి మనిషికీ నప్పేది ఏరిపెట్టారు. డెబ్బై తీరాలు ఎందుకు కావాల్సొచ్చాయో అప్పుడు తెలిసింది. నాలుగు రోజులు నేను చూసి నోరు తెరిచిన సముద్రం కంటే ఆ చిన్న నోటుబుక్కే నాకు పెద్దదిగా కనబడింది.

"మరి ఈ ఆఖరివాడికి తాడు పట్టుకుని దిగేదే ఎందుకమ్మా?"

"పడ్డా లేచి ఎక్కేవాడట. వాడికి సులువైనది నప్పదన్నారు."

గడియారం చూసుకుని తాడు పట్టుకున్నాను. దిగుతుంటే కింద నుంచి ఆయన గొంతు రాళ్ల మధ్య మోగుతూ పైకొచ్చింది. గొణుగుడు మొదటిసారి స్పష్టంగా వినబడింది.

"శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే, మిలోస్ ద్వీపే, హాల్ టికెట్ నంబర్ పది నలభై ఏడు రెండు వందల పదహారు, భానుప్రకాశ నామధేయస్య..."

బుడుంగు.

నిచ్చెన మీద నా పాదం ఆగిపోయింది. ఎనిమిదేళ్ల కిందట, కార్తీక మాసం. పరీక్షకి వారం ముందు గ్రంథాలయం దగ్గర చాయ్ తాగుతున్నాం. గోదావరికి వెళ్తున్న ఈయన్ని ఎవడో ఆపి మునక అడిగితే, నేనూ నవ్వులాటకి నా పేరు చెప్పాను. గోత్రం అడిగారు. తెల్వదు సార్ అన్నాను. "హాల్ టికెట్ నంబర్ చెప్పు, పైవాడు గుర్తుపట్టడానికి ఏదో ఒకటి ఉండాలి కదా" అన్నారు. చెప్పాను, ఆ సాయంత్రానికే మర్చిపోయాను.

"సార్!"

"ఆగవోయ్, లెక్క తప్పుతుంది." ఇంకో మునక వేసి లేచారు.

"సార్, నేను పరీక్షలు బంద్ చేసి శాన ఏండ్లయింది."

"నాకొచ్చి చెప్పావా?"

"లే... లేదు సార్."

"మరి? చెప్పేదాకా జాబితాలోనే ఉంటావు. కాశీ, ప్రయాగ, రామేశ్వరం, ఆ ఈత కొలను, అన్నిచోట్లా వేస్తూనే ఉన్నాను."

"అన్ని మునకలు ఏసినా నౌకరి రాలే కద సార్."

ఆయన పంచె పిండుకుంటూ చుట్టూ చూశారు. మూడు వైపులా బంగారు రంగు కొండలు, మధ్యలో ఇసుక కూడా కనబడేంత తేట నీళ్లు. "నేను గ్రూపు అనే అడిగాను నాయనా. ముక్కు పట్టుకుని చెబుతానుగా, పైవాడికి గ్రీసు అని వినబడినట్టుంది. తప్పు నాదే."

నవ్వాను. ఆ పరీక్ష గురించి నేను నవ్వడం అదే మొదటిసారి.

"సరే, దిగు. మనిషి ఎదురుగా ఉంటే తను కూడా ఒక మునక వెయ్యాలి."

"నాకు ఈత రాదు సార్. నాలుగు దినాలసంది మీ అందరి చెప్పులు, సంచులు కాపలా కాసుడే అయింది. కాలు గూడ తడవలే."

"నాకు మాత్రం వచ్చా? దిగు."

ప్యాంటు మడిచి దిగాను. ముక్కు పట్టుకుని మునిగాను. లోపల కళ్లు తెరిస్తే ఎండ నీళ్లలోకి దిగి నా చేతుల మీద వల అల్లుతోంది. అంత అందం ఇంతకాలం నా కోసం కూడా ఉందని నాకెవరూ చెప్పలేదు. ఉప్పు నీళ్లు మింగి, దగ్గుతూ లేచాను.

పైనుంచి ఆదిలక్ష్మి గారి కేక. "బాబూ! వేదవతి గారు ఫోన్ చేశారు! గాలి ఎక్కువుందని ఓడ గంట ఆలస్యమట! కావాలంటే ఇంకో నాలుగు వేసుకోండి!"

జోగారావు గారు తువ్వాలు కోసం నిచ్చెన వైపు నడవబోయారు. ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. నలభై మూడు పేర్ల జాబితాలో ఆయన పేరు లేదు.

"సార్, మీ గోత్రం ఏంది?"

"నా గోత్రం నీకెందుకోయ్?"

ఆయన చెప్పేలా లేరు. ముక్కు పట్టుకుని మొదలుపెట్టాను. "శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే, మిలోస్ ద్వీపే, పాస్‌పోర్ట్ నంబర్ జెడ్ యాభై ఒకటి ముప్పై ఎనిమిది తొమ్మిది వందల నాలుగు, జోగారావు నామధేయస్య..."

బుడుంగున మునిగి లేచేసరికి ఆయన కూడా ముక్కు పట్టుకుని ఉన్నారు, మునగడానికి కాదు, నవ్వాపుకోవడానికి.

"పాస్‌పోర్టు గడువు తేదీ కూడా చెప్పవోయ్" అన్నారు. "వచ్చే ఏడు ఇంకో దీవికి వెళ్లాలి. అక్కడ నా మునకల ఖాతా నువ్వు చూసుకుందువుగాని."