ఎండ్రకాయ పట్టు, తాత పిడికిలి

మొన్న మిర్యాలగూడ దవాఖానలో డాక్టరమ్మ నా మోకాలి చిప్ప కింద రబ్బరు సుత్తితో టక్కున కొట్టగానే నా ప్రమేయం లేకుండానే కాలు ముందుకెగిరింది. ఇంట్లో నా మాట ఎవరూ వినకపోయినా నరాల మాట నా కాలు ఇంకా వింటోందని నవ్వుకుంటూ బయటికొచ్చాను గానీ, ఆ సాయంత్రమంతా మా చిన్నత్తే కళ్లముందు మెదిలింది.

చిన్నత్త అంటే మా నాన్నకు కడగొట్టు చెల్లెలు. సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారిలో, పాలేరు వాగు దగ్గరి ఊరు మాది. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు తాతకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పిడికిలిగా బిగుసుకుపోయింది. గోళ్లు అరచేతిలోకి దిగి పుండు పడింది. వేళ్లు విప్పి కడిగితేనే కదా మానేది. పుండు ముదిరితే ప్రాణానికే ముప్పని సూర్యాపేట వైద్యుడు చెప్పినప్పటి నుంచి నాన్న రోజూ ఆ వేళ్లను బలవంతంగా లాగేవాడు. లాగినకొద్దీ అవి ఇంకా ముడుచుకునేవి, తాత కేకకు మేం పిల్లలం పశువుల కొట్టంలోకి పరుగెత్తేవాళ్లం.

పొలంగట్ల బొరియల్లో ఎండ్రకాయలు పట్టడంలో మా అత్త తరువాతే ఎవరైనా. ఎండ్రకాయ వేలు పట్టుకుంటే అత్త మాలాగా గింజుకునేది కాదు, చేతిని మడి నీళ్లలో ముంచి కదలకుండా కూర్చునేది, కాసేపటికి అదే వదిలేది.

ఒకనాడు పొద్దున్నే అత్త మా నాన్న చెయ్యి పట్టి ఆపింది.

"గుంజకు అన్నా. గుంజితే బిగుసుకుంటది. ఎండ్రకాయ పట్టినప్పుడు సూడలేదా? జర నిమ్మళంగుంటే అదే ఇడుస్తది."

గోరువెచ్చని నీళ్లలో తాత చెయ్యి పెట్టి, మణికట్టును మెల్లగా లోపలికి వంచి, ఏదో పాత ఊసు చెబుతూ కూర్చుంది. చాలాసేపటికి వేళ్లు ఒక్కొక్కటే సడలాయి. ఆ పుండు చూసి నాన్న గోడవైపు తిరిగి ఏడ్చాడు.

జీవశాస్త్రం పంతులమ్మనయ్యాక నాకు తెలిసింది, ఎండ్రకాయ కాలి కండకు బిగించమనే నరమే కాక ఆగమనే నరం కూడా ఉంటుందని, కాలును ఎటు లాగినా దానికి ఎదురులాగేలా చేసేది నరాలేనని. మనిషి నరాల అమరిక వేరు, కానీ విసురుగా లాగితే ఎదురుతిరిగే గుణం మాత్రం మనకూ ఉంది. ఆ పాఠం చెప్పిన ప్రతిసారీ అత్త గుర్తొచ్చేది.

పుండు మానింది. తాత మళ్లీ ముద్ద కలపలేకపోయాడు గానీ, తెరుచుకున్న ఆ అరచేతిని రోజూ అత్త తలమీద ఉంచేవాడు.

ఇప్పుడు మందులు కొట్టిన పొలాల్లో ఎండ్రకాయలు లేవు. అత్త చేసిన పనికి ఫిజియోథెరపీ అని పెద్ద చదువులొచ్చాయి, గంటకింతని ఇంటికే వచ్చి చేస్తున్నారు, మంచిదే. నా మట్టుకు నాకు, పని లేకుండా ఎవరైనా అంతసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుని ఎన్నేళ్లయిందో గుర్తు రావడం లేదు.