పలకరింపు గడి

అవును, నాకు కుళ్ళే. నిన్న సాయంత్రం మా అన్నయ్య ఫోన్‌లో టైపు చేసి నా మొహం ముందు పెట్టిన మాటకి నా జవాబు ఇదే. వాడికి పుట్టినప్పటి నుంచి వినపడదు. అందుకని మా ఇంట్లో గొడవలు సగం చేతులతో, సగం ఫోన్‌లో జరుగుతాయి. "పంచాయతీలో నువ్వు పేరు ఇవ్వకు. పిన్ని నన్ను చూసుకుంటే నీకు కుళ్ళు. రెండ్రోజులు చేసి మానేస్తావు, బడి మానేసినట్టు" అని టైపు కొట్టాడు.

మా పిన్ని పోయి తొమ్మిది రోజులైంది. కుట్టు మిషను ముందు కూర్చుని, సూదిలోకి దారం ఎక్కిస్తూ అలాగే పక్కకి ఒరిగిపోయింది. పెద్దకర్మ రోజు పంచే చిన్న పుస్తకంలో ఎవరైనా నాలుగు మాటలు రాయాలన్నారు. అన్నయ్య డిగ్రీ చదివాడు, బాగా రాస్తాడు. నేను తొమ్మిదో తరగతితో ఆపేసి ఆటో తోలుకుంటున్నాను. అయినా నేనే రాస్తానన్నాను. వాడు రాస్తే పిన్ని మొత్తం వాడిదైపోతుంది.

చిన్నప్పుడు పోలియో వచ్చి పిన్నికి కుడికాలు సన్నబడిపోయింది. చంకలో కర్రతో నడిచేది. ఎవరింటికెళ్ళినా గుమ్మం ముందు గచ్చు మీద కర్రతో రెండుసార్లు కొట్టేది. ఆ చప్పుడు నాకు వినపడేది, వాడికి అరికాళ్ళకి తెలిసేది. నేను లేచేలోపు వాడు గుమ్మంలో ఉండేవాడు. ప్రతిసారీ వాడే ముందు. ఇద్దరూ చేతులూపుకుంటూ నవ్వుకునేవాళ్ళు. ఏంటని నేనడిగితే, "ఏం లేదురా, ఊరికే" అనేది. ఊరికే అయితే నాకూ చెప్పొచ్చు కదా.

కరోనా వచ్చి అన్నీ మూసేసినప్పుడు, ఒంటరిగా ఉన్నవాళ్ళకీ వికలాంగులకీ ఏం కావాలో రాయడానికి పంచాయతీలో కూర్చున్నారు. పిన్ని ఎవరూ పిలవకుండానే వెళ్ళింది. ఆటోలో దింపింది నేనే కాబట్టి గుమ్మం బయట నిలబడి విన్నాను. సెక్రటరీ గారు కాగితం మీద గళ్ళు గీసి బియ్యం, మందులు, గ్యాసు అని చదివారు. పిన్ని అంతా విని, "బాగుందండి. మనిషిని రాయలేదేంటండి?" అంది.

పలకరించడం కూడా ప్లానులో రాస్తారా అమ్మా అని ఆయన నవ్వారు.

"మీ ఇంటికి రేపు బంధువులొస్తారండి, రాసుకోకపోయినా వస్తారు. మాకు రాసుకోకపోతే ఎవరూ రారండి. బియ్యంతో మాట్లాడతామా?"

ఆయన ఇంకో గడి గీశారు. తొందరలో 'పల.' అని రాసి వదిలేశారు. టైపు చేసినాయన దాన్ని పలహారం అనుకున్నాడు. మర్నాడు మా వీధిలో లిస్టులో ఉన్న ప్రతి ఇంటికీ ఒక్కో ఉప్మా పొట్లం వచ్చింది, గుమ్మం ముందు పెట్టి బెల్లు కొట్టి వెళ్ళిపోయారు. పిన్ని పొట్లం విప్పి, ఉప్మా తిని, చెయ్యి కడుక్కుని మళ్ళీ పంచాయతీకి బయల్దేరింది. "ఉప్మా బాగుందని చెప్పి, తర్వాత పోట్లాడతాను" అంది.

ఈసారి పూర్తిగా రాయించింది. పలకరింపు. దాని పక్కనే ఇంకో గడి: ఎవరు పలకరించాలి. ఆ గళ్ళే తన నోటుబుక్కులోనూ గీసుకుంది. అందరికీ ఒకటే పలకరింపు సరిపోదనేది. కళ్ళు పోయిన కొబ్బరికాయల తాతగారికి గుమ్మం బయట నుంచి పేపరు చదవాలి. ముందు కొబ్బరి ధర, తర్వాత పోయినవాళ్ళ ఫోటోల కింద పేర్లు. పెదాలు చూసి మాట పట్టే మా అన్నయ్యకి మాస్కులొచ్చాక ఊళ్ళో ఎవరికీ పెదాలు లేకుండా పోయాయి. పిన్ని రోజూ మా వాకిట్లో దూరంగా కుర్చీ వేసుకుని, మాస్కు దించి గంటసేపు వాడితో మాట్లాడేది. పక్క మంచం మీద నేనుండేవాణ్ణి. ఆటోకి బేరాల్లేవు, స్నేహితులు లేరు, గోడ మీద బల్లులు లెక్కపెట్టుకునేవాణ్ణి. నా పేరు ఏ గడిలోనూ ఉండదు, నాకు అన్నీ పనిచేస్తాయి కదా.

ఒకరోజు నా మంచం దగ్గర గచ్చు మీద కర్ర రెండుసార్లు మోగింది. సంబరంగా లేచాను. పని చెప్పడానికొచ్చింది. వీధి చివరింట్లో మాట సరిగా రాని పాప ఉంది. బడి మూసేశాక కూడా రోజూ ఎనిమిదింటికి సంచి తగిలించుకుని గేటు దగ్గర నిలబడుతోంది, బడి ఆటో హారన్ వినపడేదాకా లోపలికి రాదు, అన్నం తినదు. "రోడ్డెక్కొద్దురా. అక్కడిదాకా వెళ్ళి ఒక్కసారి హారన్ కొట్టి రా" అంది.

తిట్టుకుంటూ వెళ్ళాను. హారన్ కొట్టగానే ఆ పిల్ల గేటు తీసుకుని వచ్చి, ఆటో ముందు అద్దం మీద అరచెయ్యి ఆనించి, నవ్వి, లోపలికి పోయింది. అంతే. ఇంటికొచ్చేసరికి పిన్ని వాకిట్లో ఉంది. "వెళ్ళావారా?" అంది. ఆ తర్వాత బళ్ళు తెరిచారు, ఆ పిల్లకి వయసు దాటి బడి మాన్పించారు, కరోనా సంగతే జనం మర్చిపోయారు. హారన్ మాత్రం ఆగలేదు. పిన్ని అడగడమూ ఆగలేదు. రోజూ ఎనిమిదిన్నరకి, వెళ్ళావారా. ఈ తొమ్మిది రోజులుగా ఎవరూ అడగడం లేదు.

ఇప్పుడు మళ్ళీ ఏదైనా జబ్బొస్తే ఏం చెయ్యాలని పంచాయతీలో కొత్త ప్లాను రాస్తున్నారు. ఆవిడే లేనప్పుడు ఆ గడి ఎందుకు, బాధ్యత తీసుకునే మనిషి పేరిస్తే ఉంచుతాం, లేకపోతే తీసేస్తాం అన్నారట. ఇవాళ పదకొండింటిలోపు చెప్పాలి. నేనిస్తానన్నాను. దానికే అన్నయ్య ఆ మాట కొట్టాడు.

నాకు కోపం వచ్చి పిన్ని నోటుబుక్కు వాడి ముందు పడేశాను. ప్రతి పేజీలో నీ పేరే, చూసుకో అన్నాను. వాడు పేజీలు తిప్పాడు. చాలాసేపు తిప్పాడు. తర్వాత ఫోన్ తీసి కొట్టి, ఈసారి నా మొహం ముందు పెట్టకుండా మంచం మీద పెట్టి వెళ్ళిపోయాడు.

"నీ పేరు పలకరించే గడిలో ఉంది. నన్ను అందరూ పలకరించడమే. నాకు ఒక్కసారి కూడా పని చెప్పలేదు."

నేనింతకాలం వాణ్ణి చూసి కుళ్ళుకుంటుంటే, వాడు నన్ను చూసి కుళ్ళుకుంటున్నాడన్నమాట. పిన్ని ఉంటే అడిగేవాణ్ణి, వాడికెందుకు చెప్పలేదు పిన్నీ అని. అందరి గళ్ళూ గీసిన మనిషి, ఇదొక్కటి మర్చిపోయింది. లేదా వాడితో కూర్చునే ఆ గంటసేపు పోతుందని తనే వదులుకోలేదేమో.

పొద్దున్నే పంచాయతీ కాగితం మీద రెండు పేర్లు రాశాను. వాడి పేరు ముందు రాయలేదు. అంత మంచివాణ్ణి కాదు. తాతగారికి పేపరు నేను చదువుతాను, బ్యాంకు కాగితాలు, ఆఫీసు అర్జీలు వాడు రాస్తాడు. వాడిలాగే వినపడని పిల్లలు పక్క ఊళ్ళో ఇద్దరున్నారు, వాళ్ళు వాడి వంతు. హారన్ మాత్రం నాది. అది వాడికివ్వను.

కిటికీలోంచి చూస్తే వాడు ఆటోలో నా సీట్లో కూర్చున్నాడు. హారన్ మీద ఒక చెయ్యి, అది మోగుతుందో లేదో తెలియడానికి హ్యాండిల్ మీద రెండో చెయ్యి. ఎనిమిదింకా కాలేదు. అదిగో, కొట్టేశాడు. వీధి చివర గేటు చప్పుడైంది. నేను వెళ్ళాలి.