మెట్ల మీద విన్న గాజా

జర్మనీలోని మా బ్రెమెన్ తెలుగువారిలో ఒక మాట తిరుగుతోంది. పై అంతస్తు కవయిత్రి పోయిన దిగులుతో నేను మంచం పట్టాననీ, అందుకే మొన్న ఆదివారం ఆన్‌లైన్ సంతాప సభలో ఆవిడ కవితలు చదవలేకపోయాననీ. ఆవిడ పోయిన మాట నిజం. పది రోజుల కిందట, చూడడానికి ఎవరినీ రానివ్వని కరోనా వార్డులో పోయారు. నేను మంచం పట్టిన మాట అబద్ధం.

ఆవిడది గాజా. మా ఇద్దరి మధ్య భాష, వయసు మళ్లాక నేర్చుకున్న జర్మన్. ఒకరింటికొకరు వెళ్లకూడని ఆ రోజుల్లో ఆవిడ తన గుమ్మం ముందు కుర్చీ వేసుకునేవారు. పది మెట్ల కింద నా కుర్చీ. మాస్కు వెనుక నుంచే అరబ్బీలో చదివి, ఒక్కొక్క పాదానికీ అర్థం చెప్పేవారు. నేను తెలుగులో రాసుకుని ఆవిడకు చదివి వినిపించేదాన్ని. ఆ కవితల్లో యుద్ధం అన్న మాట ఉండదు. నీళ్ల కోసం నిలబడ్డ వరుస ఉంటుంది. తీగ మీది బట్టలు తీయకుండానే ఖాళీ చేసిన ఇల్లు ఉంటుంది. ప్రతి కవిత చివరా ఊరి పేరు ఉంటుంది.

ఒకసారి, ఒక కవితలో బాంబుల చప్పుడు మధ్య రొట్టెలు కాలుస్తున్న తల్లిని నేను ‘వీరమాత’ అని రాశాను. తెలుగు ఎం.ఏ. చదివినదాన్ని, ఆ పదం నాకు నిండుగా తోచింది. ఆ పదానికి నేను అర్థం చెప్పగానే ఆవిడ మొహం చిట్లించారు.

“కొట్టేయండి. ఆమె వీరురాలేమీ కాదు. రొట్టె మాడిపోతుందని భయపడింది, అంతే.”

“మా భాషలో అది గౌరవమండీ.”

“గౌరవం మీరే ఉంచుకోండి. నాకు రొట్టె కావాలి.”

కొట్టేశాను.

అంబులెన్సు వచ్చిన రోజు ఆవిడ తానే నడిచి మెట్లు దిగారు. నా గుమ్మం దగ్గర ఆగి, “ఊరి పేరు దగ్గరికొచ్చేసరికి మీ గొంతు తగ్గుతుంది. గట్టిగా చదవండి” అన్నారు. సరేనన్నాను. ఆవిడతో నా చివరి మాట అదే.

సభకు రెండు రోజుల ముందు హానోవర్ నుంచి నిర్వాహకుడు ఫోన్ చేశాడు.

“ఆంటీ, పోయెమ్స్ చాలా బాగున్నాయి. చిన్న ఛేంజ్. గాజా అనకుండా జస్ట్ ‘ఒక ఊరు’ అని చదువుతారా?”

“ఎందుకు బాబూ?”

“రికార్డింగ్ అందరూ చూస్తారు కదా. మనోళ్లంతా బ్లూ కార్డ్ వీసాల మీదున్నాం. లేనిపోని తలనొప్పి.”

“నీది ఏ ఊరు?”

“తెనాలి ఆంటీ.”

“రేపు నువ్వు పోతే, ఎవరో ఒక ఊరివాడు పోయాడని చెప్పనా?”

ఊరి పేరు తీసేసి చదవనని చెప్పాను. అతడు సభలో మాత్రం నాకు ఒంట్లో బాగాలేదని ప్రకటించాడు. అతడి భయం నాకు తెలియక కాదు. ఊరి పేరు లేకుండా చదివి ఉంటే అందరూ కన్నీళ్లు పెట్టుకునేవారు. ఆ తర్వాత కెమెరాలు ఆపి భోజనాలకు లేచేవారు.

వచ్చే ఆదివారం మా మెట్ల మీదే చదువుతున్నాను. ఎవరినీ అడగలేదు. భవనంలోని గుమ్మాలన్నింటికీ నిన్ననే చీటీలు అంటించాను. తలుపులు తీసుకుని ఎవరి గుమ్మంలో వారు నిలబడి వినవచ్చు. తెలుగులోనే చదువుతాను. ఊరి పేరొక్కటి అందరికీ అర్థమవుతుంది. ఆవిడ కుర్చీ ఇంకా పై గుమ్మం ముందే ఉంది. అక్కడిదాకా వినబడాలి.