ముఖం మీద చెయ్యి

పొద్దుటి పూజకు వత్తి చేసుకుంటుండగా శ్రీకాకుళం నుంచి తమ్ముడి ఫోన్ వచ్చింది. “అప్పా, సిన్నప్ప ఎలిపోనాది,” అన్నాడు. మా వైపు అక్కను అప్ప అంటారు. పోయింది నాకు చెల్లెలు, వాడికి చిన్నప్ప. మైల కదా, దీపం వెలిగించకుండానే లేచాను. విజయనగరంలో బస్సెక్కి శివనామం తలుచుకోబోతే నా చెయ్యే గొంతు మీదికి వెళ్లింది. నా గొంతు మీద ఆమె చెయ్యి ఇక ఉండదని అప్పుడు తెలిసింది. ఆ చెయ్యి సంగతే చెబుతాను.

చిన్నప్పుడు వచ్చిన జ్వరం ఆమె వినికిడిని పట్టుకుపోయింది. పూర్తిగా కాదు. దగ్గర నుంచి మాట్లాడితే ఏదో గుయ్యిమన్నట్టు తెలిసేది. ఆ గుయ్యికి పెదాల కదలిక కలిస్తేనే ఆమెకది మాట. చెవి మిషను పెట్టుకుని కళ్లు మూసుకుంటే ఒట్టి చప్పుడు. మిషను తీసేసి కళ్లతో చూస్తే సగం మాటలు. రెండూ కలిపి కుట్టుకునేది. అందరం ఎంతోకొంత అంతేనని నాకు చాలా ఏళ్లకు గాని అర్థం కాలేదు. బస్టాండు రొదలో ఎవరైనా ఏదైనా చెబుతుంటే నేనూ ముందు కళ్లజోడు వెతుక్కుంటాను.

ఇంట్లో ఆమెకొక పద్ధతి. మమ్మల్ని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి, తాను కిటికీకి వీపు పెట్టుకునేది. వెలుగు మా మొహాల మీద పడాలి. నాయనమ్మ, నిప్పు నోటి లోపలికి పెట్టుకుని కాల్చే అడ్డచుట్టతో మాట్లాడితే ఒప్పుకునేది కాదు. “సుట్ట తియ్యే ముసిలీ, నీ మాట లోపలే కాలిపోతన్నాది,” అనేది. సాయంత్రం కరెంటు పోతే, “నా సెవులు కూడా అట్టుకుపోనారు,” అని నవ్వేది.

పెళ్లిళ్లలో నవ్వేది కాదు. పదిమంది ఒకేసారి మాట్లాడితే ఎవరి నోరు చూడాలో తెలిసేది కాదు. అందరూ నవ్వేశాక ఒక్కతే ఆలస్యంగా పెదవి కదిపేది. “బయట గొళ్లెం ఎట్టీసినట్టుంటాది అప్పా. కిటికీలోంచి సూత్తన్నాను, అంతే,” అని ఒకసారి అంది.

తమ్ముడి విషయంలో ఆ కిటికీ కూడా లేదు. తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయకూడదన్నది మా ఇంటి పట్టు. వాడిదా దట్టమైన మీసం. ఎంత కత్తిరించినా పై పెదవిని కప్పేసేది. గొంతూ సన్నం. “ఒరే, నోటికి గడ్డి కప్పీసినావేటి? నీ మాట నాకు అందదు,” అనేది చెల్లి. ఆమె పెళ్లి చేసుకోలేదు, వాళ్లిద్దరూ ఉన్నది ఒకే ఇంట్లో. అయినా వాడేదైనా అంటే మరదలు మళ్లీ చెప్పాలి. తాను చంకనెత్తుకుని తిప్పిన తమ్ముడి మాట తనకు నేరుగా రాకపోవడం ఆమెకు అన్నింటికంటే కష్టం.

నాన్న పోయిన పదో రోజున నాగావళి రేవులో వాడి మీసం తీశారు. ఇంటికి వచ్చి చెల్లి ఎదుట నిలబడి, “సిన్నప్పా, అన్నం తిన్నావా?” అన్నాడు. చావింట్లో చెల్లి గట్టిగా నవ్వేసింది. “తిన్నేదురా... నీ మాట కనపడతన్నాది,” అంటూనే ఏడ్చింది. వాడు మళ్లీ మీసం పెంచలేదు. వరసైనవాళ్లు, “ఏటి బావా, నీకింకా మైల వదల్నేదా?” అని వేళాకోళమాడినా నవ్వి ఊరుకునేవాడు.

ఆ వెలుగు ఎంతో కాలం నిలవలేదు. షుగరు ఆమె కళ్లకు వచ్చింది. ఆసుపత్రిలో డాక్టరు గారు మాస్కు వెనక నుంచి చాలాసేపు చెప్పారు. చెల్లి ఆ మాస్కునే చూస్తూ కూర్చుంది. తరవాత నావైపు తిరిగి, “ఏటన్నారు?” అంది. ఆమెను కిటికీ దగ్గరకు తీసుకువెళ్లి నా మాస్కు దించాను. ఆ మాటను ఆ కళ్లే చదవాలి. “సూపు నిలబడదంట,” అన్నాను. తల ఊపింది. “మరి నువ్వేటంతన్నావో నాకెలగ తెలుస్తాది?” అంది.

ఆ మాటే దేవుణ్ణి అడిగాను.

ఆమె చూపు మసకబారుతున్న రోజుల్లోనే తుపాను వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. కరెంటు లేదు, దీపం నిలవడం లేదు. తలుపులు బిగించుకుని అందరం ఒకే గదిలో ఉన్నాం. గాలి హోరులో ఆమె మిషనూ పనికిరాలేదు. “ఏటవతన్నాది? ఎవులైనా సెప్పండి,” అంటూ చీకట్లో చేతులు చాపుతోంది. ఆమె పక్కన కూర్చుని నేను జపం చేసుకుంటున్నాను. ఒక చెయ్యి వెతుక్కుంటూ వచ్చి నా దవడకు తగిలి ఆగిపోయింది. కాసేపటికి, “శివా అంతన్నావు కదా అప్పా,” అంది.

అప్పటినుంచి అదే ఆమె దారి. బొటనవేలు పెదాల మీద, మిగతా వేళ్లు దవడ వెంట, చిటికెనవేలు గొంతు మీద. ప, బ, మ మూడూ చూడటానికి ఒకటే. ‘మ’ ముక్కు పక్కన వణుకుతుందని, ‘బ’కు పెదాలు విడకముందే గొంతు కదులుతుందని ఆమే నాకు చెప్పింది. మసక చూపు, మిషను చప్పుడు, వేళ్ల కింది వణుకు, మూడూ కలిసి ఒక మాట. చూపు పూర్తిగా పోయాక రెండే. తొందరగా అలసిపోయేది. పైగా అందరూ ముఖం ఇవ్వరు. వచ్చినవాళ్లు తల నిమిరి వెళ్లిపోతే, వాళ్లు వెళ్లిపోయారని తెలియక ఆ వైపే ముఖం పెట్టి కూర్చునేది.

శివలింగానికి ముఖముందని చెప్పుకునే శ్రీముఖలింగం గుడికి తీసుకువెళ్తే, “సామి మొకం మీద నన్ను సెయ్యెట్టనిస్తే ఏటంతన్నాడో మీకు సెప్పీదాన్ని,” అంది. భోగాపురంలో విమానాలు దిగుతాయని తమ్ముడు చెబితే, “నేల అదిరితే నాను సెప్తాను, నువ్వు సూసి రా,” అంది.

వాడు పొద్దున్నే గెడ్డం గీసుకోకుండా ఆమె దగ్గరకు వెళ్లేవాడు కాదు. ఒకసారి మరిచిపోయి వెళ్తే, “గీసుకు రారా, మాటలు గుచ్చుకుంతన్నాయి,” అంది. నున్నగా గీసుకుని, కిటికీ పక్కనున్న ఆమె కుర్చీకి ఎదురుగా కూర్చుని, ముఖం ముందుకు వంచేవాడు. ముందు అడిగేది ఎప్పుడూ ఆ పాత మాటే.

మైలలో గెడ్డం గీయకూడదు. ఆమె పోయిన ఆ రోజుల్లో వాడు పొద్దున్నే అద్దం దాకా వెళ్లి, చెంప తడుముకుని తిరిగి వచ్చేవాడు. పదో రోజున రేవులో గుండు చేసి గెడ్డం తీశారు. ఇంటికి వచ్చి, తడిబట్టలతోనే ఆ కుర్చీకి ఎదురుగా కూర్చున్నాడు. ముఖం ముందుకు వంచాడు.

నేను వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. వాడి ముఖం మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాను. చప్పుడేమీ రాలేదు. చిటికెనవేలి కింద గొంతు వణికింది. బొటనవేలి కింద పెదాలు మెల్లగా కదిలాయి, అన్నం తిన్నావా అని.