మహబూబ్ బాషా కాపాడిన ఆరు గ్లాసులు

మహబూబ్ బాషా గారు ఇక లేరని మొన్న శుక్రవారం సౌదీలోని ఖోబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ మాట చెవిలోనే నిలిచిపోయింది. మనసులోకి దిగడానికి రెండు రోజులు పట్టింది. కడప వాస్తవ్యులైన ఆయన ఖోబర్‌లో ఒక పత్రికా కార్యాలయపు ఛాయాచిత్ర భాండారాన్ని ముప్పై ఏళ్లు సంరక్షించారు. జగిత్యాల నుంచి వెళ్లిన నేను అక్కడే డార్క్‌రూంలో ప్రింట్లు వేసేవాణ్ణి. ఆ ఊళ్లోనే అజీజియా పేటలో ఇద్దరిదీ ఒకే గది.

ఆయన తాను సర్దిన ప్రతి ఫోటో వెనుకా పెన్సిలుతో వివరం రాసేవారు. "కంటికి కనిపించిందే రాయల్ల. ఊహించింది రాస్తే ఆ మనిషికి ద్రోహమే" అనేవారు.

ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించిన రోజుల్లో, పరిచయస్థుడైన హాలండ్ ఇంజనీరు హెండ్రిక్ హడావిడిగా స్వదేశానికి బయలుదేరుతూ ఒక చెక్కపెట్టె ఆయనకు అప్పగించాడు. అందులో వాళ్ల పూర్వీకుల ఆరు వైన్ గ్లాసులు. వజ్రపు మొనతో చెక్కిన ఓడ బొమ్మలు. ఒకదాని అంచున చిన్న పెచ్చు ఊడి ఉంది. "నేను రాకపోతే నా కూతురికివ్వండి" అన్నాడు.

"సారా గ్లాసులు మనకెందుకు భాయ్? దొరికితే ఇఖామా రద్దు చేసి ఇంటికి పంపుతరు" అన్నాను.

ఐదు పూటలా నమాజు తప్పని ఆ మనిషి, "అమానత్ అప్పా ఇది. నమ్మి ఇచ్చినాడు. ఏం వస్తువని చూడగూడదు" అని పెట్టెను మంచం కింద పెట్టుకున్నారు.

యుద్ధం మొదలయ్యాక ఒక సాయంత్రం టీ తాగుతున్నాం. మూసిన పెట్టెలోంచి సన్నని నాదం వెలువడింది, తడి వేలితో గాజు అంచును రాసినట్టు. ఆయన టీ కింద పెట్టారు. "గ్యాస్ మాస్కు తగిలించుకో" అన్నారు. నేను పట్టీ బిగించుకున్నాకే క్షిపణి వస్తోందన్న సైరన్ మోగింది. ఆ తర్వాత మరో మూడుసార్లు అంతే: ముందు గాజు, వెనుక సైరన్.

యుద్ధం ముగిశాక చమురు బావుల మంటలార్పే పనికి హెండ్రిక్ నేరుగా కువైట్ వెళ్లి, అక్కడే మరణించాడు. కూతురి చిరునామా తెలియక బాషా గారు రాసిన ఉత్తరాలన్నీ తిరిగొచ్చాయి.

కొన్నేళ్లకు, యుద్ధకాలపు పత్రికా చిత్రాలు సర్దుతూ నన్ను పిలిచారు. కువైట్‌లో కూలిన ఒక ఇల్లు. బల్ల మీద ఆరు గ్లాసులు, అవే ఓడలు, అదే పెచ్చు. కిటికీ దగ్గర వీపు తిప్పి నిలబడిన హెండ్రిక్. ఫోటో మీది తేదీ యుద్ధం నాటిది; అప్పటికి అతను హాలండ్‌లో ఉన్నాడు. గ్లాసులు మా గదిలో ఉన్నాయి.

"ఇదెట్లయితది భాయ్?"

"నాకు తెల్దు" అన్నారు.

దెయ్యం కథగా అచ్చేద్దామని సంపాదకుడు ఉత్సాహపడ్డాడు. "ఆయన బిడ్డ బతికుంది సార్. నేను రాయను" అన్నారు బాషా గారు. కాంట్రాక్టు పొడిగించనని అతను బెదిరించినా లొంగలేదు.

చివరకు కూతురి జాడ దొరికింది. పెట్టె తీసుకుని, సముద్రం మీది వంతెన దాటి, బహ్రెయిన్ వచ్చిన ఆమెను కలిశాం. పెట్టె ఒళ్లో పెట్టుకుని, ఫోటోను చాలాసేపు చూసిందామె. "చిన్నప్పుడు ఆదివారాలు నాన్న ఈ గ్లాసులు బల్ల మీద పేర్చి, అమ్మ వచ్చేదాకా కిటికీ దగ్గర ఇలాగే నిలబడేవాడు" అని ఏడ్చింది. బాషా గారు ఆ ఫోటో కూడా ఆమెకే ఇచ్చేశారు.

ఆ భాండారంలో ఆయన ఇంకా సర్దని, పేరు రాయని ముఖాలు ఎన్నో. చూడగానే ఒక్కొక్కరినీ గుర్తుపట్టే కళ్లు మూతపడ్డాయి. ఆయనతో పాటు వాళ్లంతా మరోసారి మరణించారు. ఆ పుణ్యమూర్తికి తలవంచి సలాము చేస్తున్నాను.