లెక్క అడగండి సార్

పెద్ద టీచర్ గారు పోయారని మంగళవారం పొద్దున వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. నందిగామలో వాళ్ళింట్లోనే, స్నానానికి నీళ్ళు కాగబెట్టుకుని కుర్చీలో కూర్చున్నారట, అలాగే పోయారట. నేను బడికి బయల్దేరి బస్సు కోసం నిలబడి ఉన్నాను. బస్సు వచ్చేలోపే మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఆవిడ ఫొటో పెట్టేశారు. కింద ‘ఆదర్శ ఉపాధ్యాయురాలు ఇక లేరు’ అని. దాని కింద వరసగా దండాల బొమ్మలు. ఆ దండాలు పెట్టినవాళ్ళలో ఆవిడకి మెమో ఇచ్చిన విద్యాశాఖ ఆఫీసరు గారు కూడా ఉన్నారు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది.

మీకు ఆవిడెవరో తెలియదు కాబట్టి మొదటినుంచీ చెప్తాను.

నాకు ఉద్యోగం వచ్చి మొదట వేసింది చందర్లపాడు దగ్గర ఒక ఊరి బడికి. రెండు గదులు, ఇద్దరు టీచర్లు. పిల్లలు ఆవిడని పెద్ద టీచర్ అనేవాళ్ళు, నేను వచ్చాక నన్ను చిన్న టీచర్ అన్నారు. నాలుగు, ఐదు తరగతులు నాకిచ్చి, ఒకటి, రెండు, మూడు ఆవిడ ఉంచుకున్నారు. మొదటిరోజు ఆ గదిలోకి తొంగి చూస్తే ఎవరు ఏ తరగతో నాకు అర్థం కాలేదు. నేలమీద నాలుగు గుంపులు. ఒక గుంపులో ఆరేళ్ళవాళ్ళూ ఎనిమిదేళ్ళవాళ్ళూ కలిసి చింతగింజలతో అక్షరాలు పేరుస్తున్నారు. ఇంకో గుంపులో రెండో తరగతి పిల్ల ఒకటో తరగతి పిల్లకి కథ చదివి వినిపిస్తోంది. పెద్ద టీచర్ గారు మూలన ఇద్దరిని పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా ఏదో చెప్తున్నారు. గోల ఉంది, కానీ పనిలో ఉండే గోల.

“ఇదేంటి మేడం, తరగతులు కలిపేశారు?” అని అడిగాను.

“ఆకలి అందరికీ ఒకే టైంకి వేస్తుందా అమ్మా?” అన్నారు.

ఆవిడ దగ్గర ఒక పొడుగు నోట్‌బుక్ ఉండేది. పిల్లకో పేజీ. అందులో ఆ పిల్లకి వచ్చినవే రాసేవారు, రానివి రాసేవారు కాదు. ‘ఈరోజు ఒత్తులు పట్టుకుంది.’ ‘తీసివేతలో భయం పోయింది.’ ఎవరైనా పిల్ల వెనకబడిందంటే మాత్రం ఊరుకునేవారు కాదు. “పిల్ల వెనకబడలేదు, మనం దాన్ని వదిలేసి ముందుకెళ్ళిపోయాం” అనేవారు.

స్రవంతి అని ఒక పిల్ల. మూడో తరగతి. మిరపకాయల కోతలు వస్తే వాళ్ళమ్మతో చేలోకి వెళ్ళిపోయేది, నెలల తరబడి బడికి వచ్చేది కాదు. అక్షరాలు సగం వచ్చు, సగం రావు. కానీ కోసిన కాయల బస్తాలు లెక్కపెట్టీ పెట్టీ లెక్కల్లో నా ఐదో తరగతి వాళ్ళని మించిపోయింది. పెద్ద టీచర్ గారు ఆ పిల్లని పొద్దున పూట చిన్నపిల్లలతో అక్షరాలకి కూర్చోబెట్టి, మధ్యాహ్నం నా గదికి పంపేవారు. “వెళ్ళి అన్నయ్యలకి భాగహారం చెప్పిరా” అని. ఆ పిల్ల చేతులు వెనక్కి కట్టుకుని టీచర్‌లా నడుచుకుంటూ వచ్చేది. అలా వచ్చే పిల్లకి అక్షరాలు రాలేదన్న సిగ్గు ఎక్కడుంటుంది?

అలాంటి రోజుల్లో ఆఫీసరు గారు తనిఖీకి వచ్చారు. గుమ్మంలోనే ఆగి, “మూడో తరగతి నిలబడండి” అన్నారు. పిల్లలు నాలుగు మూలల్లో లేచి నిలబడ్డారు. చింతగింజల దగ్గర నిలబడ్డ స్రవంతి ఆయన కంట్లో పడింది. పుస్తకం చేతికిచ్చి చదవమన్నారు. రెండు మాటలు కూడబలుక్కుని ఆగిపోయింది.

పెద్ద టీచర్ గారు ముందుకొచ్చి, “లెక్క అడగండి సార్” అన్నారు.

“ఏం అడగాలో మీరు చెప్తారా నాకు?”

“ఆ పిల్లకి లెక్కలు బాగా వచ్చండి. ఒక్కటి అడగండి సార్.”

ఆయన అడగలేదు. నా గదిలోకి వచ్చి, కాగితం నా ముందు పెట్టి, “ఇక్కడ తరగతులు విడివిడిగా జరుగుతున్నాయా లేదా, ఉన్నది ఉన్నట్టు రాయండి” అన్నారు. నాకప్పటికి ఉద్యోగం పర్మినెంటు కాలేదు. ‘విడివిడిగా జరగడం లేదు’ అని రాసి సంతకం పెట్టాను. ఎందుకు జరగడం లేదో, అందువల్ల పిల్లలకి ఏం వచ్చిందో రాయలేదు. ఆయన అడగలేదు కదా అనుకున్నాను.

ఆవిడకి మెమో వచ్చింది. తర్వాత ఆవిడని జగ్గయ్యపేట అవతల ఒక బడికి వేశారు. మోకాళ్ళ నొప్పులతో రోజూ రెండు బస్సులు మారి వెళ్ళేవారు. మా బడిలో పిల్లల్ని తరగతివారీగా వరసల్లో కూర్చోబెట్టమని ఉత్తర్వు. కూర్చోబెట్టింది నేనే. మూడో తరగతి వరసలో, మూడో తరగతి పుస్తకం ముందు స్రవంతి పదిహేను రోజులు కూర్చుంది. పదహారో రోజు నుంచి రాలేదు.

క్షమించమని అడగడానికి ఒక సాయంత్రం పెద్ద టీచర్ గారింటికి వెళ్ళాను. నేను నోరు తెరవకముందే, “నువ్వు రాసింది నిజమేగా. నిజం రాసినందుకు ఎవరైనా కోప్పడతారా?” అన్నారు. కాఫీ ఇచ్చారు. తర్వాత, “స్రవంతి వస్తోందా?” అని అడిగారు.

“వస్తోంది మేడం” అన్నాను.

ఆవిడ మొహం వెలిగింది. ఆ వెలుగు గుర్తొస్తే ఇప్పటికీ నా మొహం నేను చూసుకోలేను. ఆ పిల్ల ఎక్కడుందో నాకు తెలియదు. కనుక్కుని ఉండాల్సింది.

కొన్నేళ్ళకి మాకందరికీ నందిగామలో ట్రైనింగ్ పెట్టారు. ‘వయసుని బట్టి కాదు, స్థాయిని బట్టి చెప్పాలి, పెద్దపిల్లల చేత చిన్నపిల్లలకి చెప్పించాలి’ అని తెరమీద బొమ్మలు వేసి చూపించారు. ప్రారంభించింది ఆ ఆఫీసరు గారే. పెద్ద టీచర్ గారు మూడో వరసలో కళ్ళజోడు పెట్టుకుని శ్రద్ధగా నోట్స్ రాసుకుంటున్నారు. టీ దగ్గర నేను పళ్ళు కొరుకుతుంటే నవ్వారు. “ఎవరు చెప్తే ఏం? పిల్లలకి అందితే చాలు.”

నాకు చాలదు. ఆవిడ ఓపిక మీద కూడా నాకు కోపమే. ఆ మెమో తీసేయమని రెండుసార్లు అర్జీ పెట్టుకున్నారు, జవాబే రాలేదు. దాంతోనే రిటైరయ్యారు. ఒక్కసారి గట్టిగా అరిచి ఉంటే, కనీసం నన్నైనా తిట్టి ఉంటే బాగుండేది.

సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక చర్చి ఆవరణలో సంతాప సభ పెట్టారు. ఆఫీసరు గారు కూడా రిటైరయ్యారు, జుట్టు పూర్తిగా నెరిసింది. మైకు అందుకుని, “ఆవిడ కొత్త పద్ధతులకి మేమెంతో ప్రోత్సాహం ఇచ్చాం” అన్నారు. నేను లేచి నిలబడ్డాను.

“మీరిచ్చింది మెమో సార్. దానికి ఆధారమైన కాగితం మీద సంతకం పెట్టింది నేను.”

పాస్టరు గారు తల వంచుకున్నారు. ఆఫీసరు గారు మెల్లగా, “ఇప్పుడవన్నీ ఎందుకమ్మా” అన్నారు.

“ఆవిడ బతికుండగా నేను అనలేదు కాబట్టి సార్.”

పెద్ద టీచర్ గారి అమ్మాయి వచ్చి నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ అమ్మాయి చెయ్యి చల్లగా ఉంది. వదల్లేదు.

సోమవారం, ఇప్పుడు నేను పనిచేస్తున్న బడికి వెళ్ళి, గంట కొట్టకముందే బెంచీలన్నీ ఒక్కదాన్నే వరండాలోకి ఈడ్చేశాను. పిల్లలు వచ్చి ఖాళీ గది చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

“ఎక్కడ కూర్చోవాలి టీచర్?” అని రెండో తరగతి పిల్ల అడిగింది.

“నాకూ తెలీదమ్మా. చూద్దాం.”

తర్వాత ఆ పిల్ల సంచీ కింద పడేసి గది మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒకటో తరగతి పిల్ల ఒకతి వెళ్ళి ఆ అమ్మాయి మోకాలికి తన మోకాలు ఆనించి కూర్చుంది.